కర్ర ఉంది, వాకర్ ఉంది, అమ్మ మాత్రం గోడ పట్టుకుని నడుస్తోంది. ఎక్కడ తేడా?

పొద్దుతిరుగుడు అడిగారు:

అందరికీ నమస్కారం. మా అమ్మకి 76 ఏళ్ళు. కుడి మోకాలు బాగా అరిగిపోయింది. షుగర్ వల్ల రెండు పాదాల్లోనూ తిమ్మిరి ఉంది. బీపీకి మాత్ర వేసుకుంటుంది.

ఇంట్లో రెండు పరికరాలున్నాయి. ఒకటి ఎత్తు సర్దుకునే అల్యూమినియం చేతికర్ర, పిడి కొక్కెంలా వంగి ఉంటుంది. కొన్నప్పటి ఎత్తే ఇప్పటికీ, 92 సెం.మీ. నొప్పి కుడికాలికి కాబట్టి కర్ర కూడా కుడిచేత్తోనే పట్టుకుంటుంది. ఈమధ్య కుడి భుజం లాగుతోందంటోంది. రెండోది చక్రాల్లేని మడత వాకర్. దాన్ని బాగా ముందుకు పెట్టేసి, వంగిపోయి నడుస్తుంది. దాని వెడల్పు 62 సెం.మీ., బాత్రూం తలుపు పూర్తిగా తెరిచినా మిగిలే సందు 58. కాబట్టి అవసరమైన చోటుకే అది వెళ్ళదు.

చివరికి రెండూ పక్కన పెట్టి గోడలూ కుర్చీలూ పట్టుకుని తిరుగుతోంది. పడలేదు గానీ రెండుసార్లు తూలింది. రెండూ మంచం మీంచి లేచిన వెంటనే జరిగినవే.

కర్ర సరిపోతుందా, వాకరే కావాలా? ఎత్తు ఎలా పెట్టాలి? సీటూ బ్రేకులూ ఉండే నాలుగు చక్రాల రోలేటర్ కొనమని కొందరంటున్నారు. కొనచ్చా?

---

మోకాలిచిప్ప (ఫిజియోథెరపీ):

ముందు చెయ్యి మార్చండి. కర్ర ఎడమచేతికి రావాలి. నొప్పి ఉన్న కాలి వైపే కర్ర అనుకోవడం చాలా ఇళ్ళలో చూస్తాం, కానీ శరీరం లెక్క వేరు. కుడికాలి మీద నిలబడిన క్షణంలో ఎడమకాలు గాల్లో ఉంటుంది, నడుము ఎడమవైపుకి జారబోతుంది. దాన్ని ఆపడానికి కుడి తుంటి పక్క కండరాలు బిగుసుకుని లాగుతాయి. ఒంటికాలి మీద ఉన్నప్పుడు తుంటి కీలు మీద పడే భారం ఒంటిబరువుకి రెండున్నర, మూడు రెట్ల దాకా పోయేది ఈ లాగుడు వల్లే. ఎడమచేతిలో కర్ర ఉంటే అది జారే వైపునే కిందనుంచి ఆపుతుంది. కీలుకి దూరంగా ఉండి ఆపుతుంది కాబట్టి కొద్దిగా నొక్కినా చాలు, ఆ కండరాల పని బాగా తగ్గుతుంది. మోకాలి మీద కూడా భారం తగ్గుతుంది. అదే కుడిచేత్తో పట్టుకుంటే ఒళ్ళంతా నొప్పికాలి మీదికే ఒరుగుతుంది. పైగా మామూలు నడకలో కుడికాలితో పాటు ముందుకు ఊగేది ఎడమచెయ్యే, అందుకని అలవాటు పడ్డాక లయ కూడా కుదురుతుంది.

ఇక ఎత్తు. ఆవిడ రోజూ వేసుకునే చెప్పులు వేయించి, నిటారుగా నిలబెట్టి, చేతులు పక్కన వదిలేయమనండి. మణికట్టు లోపలివైపు మడత గీత ఉంటుంది కదా, నేల నుంచి అక్కడికి కొలవండి. కర్ర పిడి పైభాగం ఆ ఎత్తులో ఉండాలి. కర్రని పాదం పక్కన, కాలి వేళ్ళకి ఒక జానెడు పక్కగా పెట్టి పట్టుకున్నప్పుడు మోచెయ్యి 15 నుంచి 30 డిగ్రీల మధ్య వంగి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఆవిడ కోసం కొలవకుండా వదిలేసిన 92 సెం.మీ. కర్ర చాలామందికి ఎక్కువే. కర్ర ఎత్తైతే అడుగడుక్కీ భుజం పైకి ఎగబడుతుంది, కాబట్టి ఆ నొప్పికి నా మొదటి అనుమానం దీనిమీదే. పొట్టిదైతే నడుము పక్కకి వంగుతుంది.

నడిచే పద్ధతి: కర్రా కుడికాలూ కలిసి ముందుకి, తరవాత ఎడమకాలు. కర్ర మరీ ముందుకి పోకూడదు, నొప్పికాలికి సమానంగా పడితే చాలు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, తరవాత కర్రా నొప్పికాలూ. దిగేటప్పుడు ముందు కర్రా నొప్పికాలూ, ఆ తరవాత మంచికాలు. రెయిలింగ్ ఉంటే ఒక చెయ్యి దానిమీదే ఉండాలి, కర్ర ఏ చేతిలోకి మారినా ఫరవాలేదు.

కర్రా వాకరా అన్నది నొప్పిని బట్టి కాదు, ఎంత బరువు మోయించాలి, తూలుడు ఎంత అన్నదాన్ని బట్టి తేల్చాలి. కర్ర మీద ఒంటిబరువులో సుమారు పావు వంతు దాకానే వెయ్యొచ్చు. అంతకు మించి ఆనుకోవాల్సి వస్తున్నా, కర్ర ఉన్నా రెండో చెయ్యి గోడ కోసం వెతుకుతున్నా అది వాకర్ కావాలన్న గుర్తు. ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యొచ్చు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, 3 మీటర్ల దూరంలో నేలమీద గీత పెట్టండి. లేచి, మామూలు వేగంతో ఆ గీత దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. రోజూ వాడే పరికరం వాడుకోవచ్చు. మీరు పక్కనే ఉండాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అంకె ఒక్కటే చూడకండి, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నారో, ఎక్కడ తడబడుతున్నారో కూడా చూడండి.

పాదాల తిమ్మిరి ఉన్నవాళ్ళకి కర్ర మరో రకంగా కూడా ఉపయోగం. నేల ఎక్కడుందో పాదం సరిగ్గా చెప్పలేనప్పుడు ఆ సంగతి కర్ర ద్వారా అరచేతికి తెలుస్తుంది. గట్టిగా నొక్కకుండా ఊరికే ఆనించినా తూలుడు తగ్గేది అందుకే.

రోలేటర్ మాత్రం ఇప్పుడు వద్దంటాను.

---

పానా_స్క్రూడ్రైవర్ (పరికరాల బిగింపు, మరమ్మతు):

పై సమాధానంలో కొలత సరిగ్గా చెప్పారు, నేను సామాను సంగతి చెప్తాను.

అల్యూమినియం కర్రలో రంధ్రాలు మామూలుగా ఒక అంగుళం, అంటే 2.5 సెం.మీ. ఎడంతో ఉంటాయి. ముందు కింద ఉన్న బిగింపు రింగు వదులు చేసి, స్ప్రింగు బొత్తాం నొక్కి పైపు జరపండి. బొత్తాం రంధ్రంలోంచి పూర్తిగా బయటికి పొడుచుకురావాలి, టక్కుమని చప్పుడు వినిపించాలి. సగమే వచ్చి అంచున ఆగితే, బరువు పడ్డప్పుడు కర్ర ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. తరవాత రింగు మళ్ళీ బిగించండి. ఆ రింగు బిగించకపోవడం వల్లే చాలా కర్రలు గలగలమంటాయి, ఆ చప్పుడుకే పెద్దవాళ్ళకి దానిమీద నమ్మకం పోతుంది.

కొక్కెం పిడి గురించి: చెయ్యి ఆనే చోటు కర్ర పైపుకి పక్కగా ఉంటుంది కాబట్టి బరువు తిన్నగా కిందికి దిగదు, అరచేతిలో ఒకేచోట నొక్కుకుపోతుంది. అప్పుడప్పుడు వాడుకోవడానికి ఫరవాలేదు. రోజంతా వాడేవాళ్ళకి హంస మెడలా వంగి, పిడి సరిగ్గా పైపు మీదికి వచ్చే రకం మేలు. వేళ్ళ కీళ్ళ నొప్పులుంటే అరచేతి ఆకారంలో వెడల్పుగా ఉండే పిడి తీసుకోండి. అది కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. మీరు చెయ్యి మారుస్తున్నారు కాబట్టి ఎడమదే అడగాలి.

రబ్బరు బుష్‌ని ఎవరూ పట్టించుకోరు, జారడమంటూ జరిగితే చాలావరకు దానివల్లే. కర్ర తిరగేసి చూడండి. బుష్ అడుగున గుండ్రని గాళ్ళు ఉండాలి. అవి అరిగి నున్నగా అయినా, అంచు పగిలినా, రబ్బరు ఎండి గాజులా మెరుస్తున్నా మార్చేయండి. కొత్తది కొనేముందు పైపు బయటి వ్యాసం కొలవండి. కర్రలకి ఎక్కువగా 16, 19, 22 మి.మీ. సైజులు వస్తాయి, వాకర్ కాళ్ళు సాధారణంగా ఇంకా లావు. బుష్ బిగుతుగా ఎక్కాలి, చేత్తో తేలిగ్గా ఊడొస్తే అది తప్పు సైజు. లోపల ఇనుప బిళ్ళ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే పైపు అంచు రబ్బరుని కోసుకుంటూ కిందికి దిగి నేలకి తగులుతుంది. మధ్యమధ్యలో తడిబట్టతో తుడవండి, దుమ్ము పట్టిన బుష్ నున్నటి నేల మీద కొత్తదైనా జారుతుంది.

వాకర్‌కి కూడా మణికట్టు ఎత్తే కొలత. నాలుగు కాళ్ళూ ఒకే రంధ్రంలో ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా మూలగా ఊగుతుంది. నేలమీద పెట్టి, రెండు పిడులూ నొక్కి ఊపి చూస్తే తెలిసిపోతుంది.

ముందు కాళ్ళకి చక్రాలు పెట్టించుకోవచ్చు. 5 అంగుళాల చక్రాల జత విడిగా దొరుకుతుంది, ముందు రెండు కాళ్ళ కింది గొట్టాలు తీసేసి ఇవి దూర్చాలి. మీ వాకర్ తయారీవాళ్ళదే తీసుకోండి, లేకపోతే గొట్టం సైజు కుదరదు. చక్రాలు పెట్టాక ఎత్తు మళ్ళీ కొలిచి వెనక కాళ్ళు సర్దాలి. చక్రం ఫ్రేముకి బయటివైపు వస్తే వెడల్పు పెరుగుతుంది, మీ గుమ్మం సమస్య ఇంకా ముదురుతుంది. లోపలివైపు బిగించే రకం ఉంటుంది, అది అడగండి.

రోలేటర్ గురించి ఒక్కముక్కలో తేల్చేశారు గానీ, అది మంచి సాధనమే. రోజూ బ్రేకు వైరు బిగుతుగా ఉందో లేదో చూసుకుంటే ఏ బెంగా లేదు.

---

మోకాలిచిప్ప:

సాధనం మంచిదే, ఈవిడకి కాదంటున్నాను. రోలేటర్ బరువు మోసేది కాదు, తోసుకుంటూ పోయేది. బాగానే నడవగలిగి, నాలుగడుగులకే ఆయాసం వచ్చేవాళ్ళకీ, ముందుకి వంగి నడిస్తే వెన్ను నొప్పి తగ్గేవాళ్ళకీ అది వరం. మధ్యలో కూర్చోవచ్చు కూడా. కానీ తూలినప్పుడు దానిమీద ఒరిగితే నాలుగు చక్రాలూ ముందుకి పరిగెడతాయి. ఆ క్షణంలో రెండు చేతులతో బ్రేకు నొక్కాలని తట్టాలి, నొక్కే బలమూ ఉండాలి. ఈవిడ ఇప్పటికే వాకర్‌ని దూరంగా పెట్టి వంగుతున్నారు, రోలేటర్‌తో ఆ దూరం ఇంకా పెరుగుతుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)లో అడుగులు వాటంతటవే వేగమయ్యేవాళ్ళకి కూడా మామూలు రోలేటర్ ఇవ్వం. పిడి నొక్కితే కదిలి, వదిలితే ఆగిపోయే రకాలు వేరే ఉంటాయి.

కొనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. సీటు మీద కూర్చునేముందు బ్రేకు పిడిని కిందికి నొక్కి లాక్ చెయ్యాలి. మనిషి కూర్చున్నాక దాన్ని వీల్‌చెయిర్‌లా ఎవరూ తొయ్యకూడదు. ఆ ఫ్రేము అందుకు తయారుచేసింది కాదు.

మీ అమ్మగారికి ముందు చక్రాలున్న రెండు చక్రాల వాకర్ సరిపోవచ్చు. చక్రాల్లేనిది అడుగడుక్కీ ఎత్తాలి, ఎత్తినంతసేపూ ఊతం లేనట్టే. భుజం నొప్పి ఉన్న మనిషికి అది ఇంకా కష్టం. ఏ వాకరైనా క్రమం ఇదీ: వాకర్‌ని ఒక చిన్న అడుగు మేర ముందుకి జరపాలి, నాలుగు కాళ్ళూ ఆనాక నొప్పికాలు ఫ్రేము మధ్యలోకి, తరవాత మంచికాలు. అడుగు వేశాక కాలి వేళ్ళు వెనక కాళ్ళని దాటి లోపలికి రావాలి, కానీ ముందు కమ్మీకి తగిలేంత లోపలికి కాదు. ఆవిడ వంగుతున్నారంటే, ఎత్తు తక్కువన్నా అయ్యుండాలి, ఫ్రేముని ఎక్కువ దూరం తోసేస్తూ అన్నా ఉండాలి. తిరిగేటప్పుడు పాదం మీద గిర్రున తిరగకుండా చిన్న చిన్న అడుగులతో, వాకర్‌తో పాటు తిరగాలి.

లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాక్కోవడం చాలామంది చేసే పని. అది వెనక్కి తిరగబడుతుంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఉంచి, ముందుకి వంగి, నొక్కి లేవాలి. నిలబడ్డాకే చేతులు ఒక్కొక్కటిగా వాకర్ మీదికి.

---

ఇంటి_కొలతలు (పెద్దవాళ్ళ ఇళ్ళలో మార్పులు):

గోడలు పట్టుకుని తిరిగే మనిషి మొండితనంతో చేస్తున్నారని అనుకోకండి దయచేసి. పరికరం వెళ్ళని చోటుకి ఆవిడ వెళ్ళాల్సి వస్తోంది, గోడ అక్కడ ఉంది. మార్చాల్సింది ఆ దారిని.

58 సందులో 62 వాకర్ పట్టదు. గుమ్మం చౌకట్టు లోపలి వెడల్పు కూడా కొలవండి, తలుపు రెక్క మందం 3 నుంచి 4 సెం.మీ. తింటుంది. రెక్క తీసేసి మందపాటి తెర కట్టినా, రెక్కని గుమ్మం పక్కకి పూర్తిగా తప్పించే బందులు వేయించినా ఆ జాగా తిరిగొస్తుంది. అయినా వేళ్ళకీ చౌకట్టుకీ మధ్య రెండు పక్కలా కనీసం 2 సెం.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే వేళ్ళు నలుగుతాయి. మీ లెక్కలో రెక్క తీసినా ఇరుకే. కాబట్టి సన్నటి వాకర్ చూడండి, లేదా వాకర్‌ని గుమ్మం బయట ఆపి, అక్కడి నుంచి లోపలికి పట్టుకమ్మీలు పెట్టించండి. గుమ్మం పక్కన నిలువుది ఒకటి, కమోడ్ పక్క గోడకి ఒకటి. ఒక కమ్మీ వదలకముందే రెండోది అందాలి. ఆవిడే చెయ్యి చాచి చూపిస్తే అక్కడ గుర్తు పెట్టండి, టేపుతో ఊహించి పెట్టద్దు.

కమ్మీ 32 నుంచి 38 మి.మీ. లావుండాలి, పిడికిలి చుట్టూ పట్టేలా. దానికీ గోడకీ మధ్య సుమారు 38 మి.మీ. సందు చాలు. మరీ ఎక్కువుంటే మోచెయ్యి జారి ఇరుక్కుంటుంది. స్క్రూలు టైల్‌ని దాటి గట్టి గోడలోకి దిగాలి. తువ్వాలు వేసుకునే కమ్మీ మనిషి బరువుని ఆపదు. గాలి పీల్చుకుని అతుక్కునే రకాన్ని కూడా నమ్మొద్దు, తడికి వదిలేస్తుంది.

కమోడ్ ఎత్తు 43 నుంచి 48 సెం.మీ. మధ్య ఉంటే అరిగిన మోకాలికి లేవడం తేలిక. తక్కువుంటే పైన బిగించే ఎత్తు సీటు వస్తుంది. ఊరికే పైన పెట్టేది కాకుండా మరలతో బిగించేదే తీసుకోండి. మంచం ఎత్తు కూడా చూడండి, అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి.

మంచం నుంచి బాత్రూం దాకా నేలమీద పరిచిన పట్టాలు, కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, వైర్లు తీసేయండి. వాకర్ వెనక కాళ్ళు పట్టా అంచుకే తగులుకుంటాయి. రాత్రి ఆ దారిలో నేలకి దగ్గరగా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. ఎడమచేతికి అందేలా కర్ర, లేదా ఆవిడ ముందు వాకర్, ఏది వాడినా అది మంచం పక్కనే ఉండాలి. గది అవతల నిలబెట్టిన వాకర్ దగ్గరికి ఆవిడ వాకర్ లేకుండానే నడవాలి కదా!

రెండుసార్లు తూలడం లేచిన వెంటనే అన్నారు. అది పరికరం తప్పు కాకపోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేపి నిలబెట్టి, ఒక నిమిషం అయ్యాక ఓసారి, మూడో నిమిషంలో మరోసారి చూడండి. పక్కన ఒక మనిషి ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే అది డాక్టరుకి చెప్పాల్సిన విషయం.

---

పొద్దుతిరుగుడు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. కొలతలివిగో. చెప్పులతో మణికట్టు ఎత్తు 77.5 సెం.మీ. పడుకున్నప్పుడు బీపీ 146/84, నిలబడ్డ ఒక నిమిషానికి 121/76, మూడో నిమిషంలో 128/78. కర్ర ఎడమచేత్తో పట్టుకుని 3 మీటర్ల పరీక్షకి 17 సెకన్లు. తిరిగేటప్పుడు కుర్చీ పట్టుకోబోయింది. చెయ్యి మార్చాక కర్రని ఎడమకాలితో పాటు వేస్తోంది, ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అంతే. చౌకట్టు లోపలి వెడల్పు 62. వాకర్ పట్టదు కాబట్టి కమ్మీలే పెట్టిస్తాం.

---

మోకాలిచిప్ప:

146 నుంచి 121 అంటే 25 పడింది. ఈ మూడు రీడింగులూ, ఆవిడ వేసుకునే మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, రాసుకుని ఈ వారమే డాక్టరుకి చూపించండి. బీపీ మాత్ర మీరే ఆపేయడం గానీ తగ్గించడం గానీ చెయ్యొద్దు. షుగర్ నరాలకి తగిలినవాళ్ళలో ఇలా బీపీ పడిపోవడం మాత్ర లేకుండా కూడా వస్తుంది, కారణం ఏదో వాళ్ళే తేల్చాలి. అప్పటిదాకా లేచే పద్ధతి మార్చండి. పడుకునే ఉండి పాదాలు పైకీ కిందికీ ఒక 15 సార్లు ఆడించి, లేచి మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, తరవాత వాకర్ ముందు నిలబడి పది లెక్కపెట్టుకుని, తల తిరగడం లేదనుకున్నాకే మొదటి అడుగు. తల తిరిగితే మళ్ళీ అక్కడే కూర్చోవాలి.

17 సెకన్లు, తిరిగేటప్పుడు కుర్చీ పట్టుకోబోవడం, ఈ రెండూ చూస్తే ఇంట్లో ప్రస్తుతానికి రెండు చక్రాల వాకరే ఇవ్వాలనిపిస్తుంది. మనిషి తోడున్నప్పుడు ఎడమచేతి కర్రతో సాధన చేయించండి. కాలు తప్పుతోందంటే మాటలతో సరిచెయ్యకండి, ఆలోచించినకొద్దీ ఇంకా తప్పుతుంది. నిలబెట్టి, నడవకుండానే, కర్రా కుడికాలూ కలిపి ముందుకీ వెనక్కీ పదిసార్లు వేయించండి. అది కుదిరాక రెండడుగులు, తరవాత గది పొడవు. రోజుకి రెండు పూటలా ఐదేసి నిమిషాలు చాలు. ఫిజియోథెరపిస్ట్ చేత ఒక్కసారైనా ఎదురుగా చూపించండి. తొడ ముందు కండరాలకీ తుంటి పక్క కండరాలకీ వ్యాయామం మొదలుపెట్టకుండా పరికరం ఒక్కదానితో ఈ 17 పెద్దగా తగ్గదు.

---

పానా_స్క్రూడ్రైవర్:

92 నుంచి ఆరు రంధ్రాలు దించితే సరిగ్గా 77. అక్కడ పెట్టి, మోచెయ్యి వంపు చూసి ఖాయం చేసుకోండి. చెప్పులు మారిస్తే మళ్ళీ చూడాలి.

వాకర్‌కి చక్రాలు వేశాక వెనక కాళ్ళకి ప్లాస్టిక్ జారుడు మూతలు వేస్తామంటారు. పొడి నేలమీద సాఫీగా జారతాయి, ఎత్తక్కర్లేదు. తడి టైల్స్ మీద మాత్రం అవి పట్టు ఇవ్వవు. మీ వాకర్ బాత్రూం బయటే ఆగుతుంది కాబట్టి వేసుకోవచ్చు, కానీ గుమ్మం ముందు నేల తడిసే అలవాటుంటే రబ్బరు బుష్‌లే ఉంచండి, కొంచెం గీసుకున్నట్టు చప్పుడొచ్చినా సరే. సంచి తగిలించాలనుకుంటే ముందు కమ్మీకి మధ్యలో బుట్ట బిగించి, తేలిక సామానే వెయ్యండి. ఒక పక్కన బరువు వేలాడితే ఫ్రేము అటే లాగుతుంది.

రెండు వారాలయ్యాక కర్ర బుష్ తిరగేసి చూడండి. చుట్టూ సమంగా అరిగితే కర్ర నిలువుగా పడుతున్నట్టు. ఒక అంచే అరిగితే కర్రని పక్కకి వాల్చో, మరీ ముందుకో వేస్తున్నారు. ఆ అంచు ఎటువైపు ఉందో ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.